షాపు ఉన్న వరుసను పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడతారట, అద్దెకున్న మేమేం చేయాలి?

ప్రశ్న: మేము ఫిలడెల్ఫియాకు పడమటి శివారులో, రైలు స్టేషనుకు దగ్గరగా, లాంకాస్టర్ ఎవెన్యూ మీద ఏడేళ్లుగా చిన్న టిఫిన్ హోటలు నడుపుతున్నాము. భవనం మాది కాదు. సుమారు వందేళ్ల నాటి రెండంతస్తుల ఇటుక కట్టడం. ఇప్పుడు మా వరుసలోని నాలుగు భవనాలను, వెనుక ఉన్న పార్కింగ్ స్థలాన్ని కలిపి, రోడ్డు వైపు పాత గోడలను మాత్రం ఉంచి, కింద షాపులు, పైన నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లు కట్టడానికి ఒక డెవలపర్ టౌన్‌షిప్‌కు, అంటే ఇక్కడి స్థానిక ప్రభుత్వానికి, దరఖాస్తు చేశారు. ఇది చారిత్రక వ్యాపార ప్రాంతం కనుక వ్యతిరేకిస్తూ పిటిషన్ మీద సంతకం చేయమని పొరుగు షాపుల వారు అడుగుతున్నారు. మా ఓనరు మాత్రం, 'మీరేం కంగారు పడకండి, కొత్త బిల్డింగులో మీకే షాపు ఇప్పిస్తాను' అంటున్నారు. విజయవాడలో ఉన్న మా బావగారు, పరిహారం చేతిలో పడకుండా ఎవరూ ఖాళీ చేయించలేరని ధైర్యం చెబుతున్నారు. లీజు ఇంకా మూడేళ్లు ఉంది. మాకు గ్రీన్ కార్డులు ఉన్నాయి, పౌరసత్వం ఇంకా రాలేదు. సమావేశాలలో మాట్లాడితే ముందు ముందు ఇబ్బంది వస్తుందేమోనని మావారి భయం. సంతకం చేయాలా, వద్దా?
ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు సంతకం గురించి అడిగారు, నేను ముందుగా మీ లీజు గురించి మాట్లాడవలసి ఉంది. ఆ పిటిషన్ మీద ఈ వారం సంతకం చేయకండి, చేయబోమని తెగేసి చెప్పనూ వద్దు. లీజు కాగితాలు లాయరుకు చూపించాక చెబుతామని పొరుగువారితో అంటే ఎవరూ తప్పు పట్టరు. పైగా ఆ మాటల సందర్భంలోనే, వారిలో భవనం సొంతమైన వారెవరో, మీలాగా అద్దెకున్న వారెవరో కూడా తెలుస్తుంది. కొత్త భవనం ఎంత ఎత్తు ఉండాలి, ఎన్ని కార్లకు చోటు చూపించాలి, పాత గోడలలో ఏవి నిలవాలి అన్నవి టౌన్‌షిప్ తేల్చే సంగతులు. ఆ భవనంలో మీ హోటలు ఉంటుందా లేదా అన్నది టౌన్‌షిప్ తేల్చదు, తేల్చే అధికారమూ దానికి లేదు. అది మీకూ మీ ఓనరుకూ మధ్య ఉన్న ఒప్పందం మీద ఆధారపడిన విషయం. పిటిషన్ గెలిచినా మీరు ఓడిపోయే అవకాశం ఉంది, పిటిషన్ ఓడినా మీరు నిలదొక్కుకునే అవకాశమూ ఉంది.

మీ బావగారు చెప్పినది ఆయన చూసిన చోట సరైన మాటే. మన దేశంలో ప్రభుత్వం ఒక ప్రాజెక్టు కోసం భూమి తీసుకుంటే 2013 నాటి భూసేకరణ చట్టం వర్తిస్తుంది. 2014 జనవరి 1 నుంచి అమలులో ఉన్న ఆ చట్టం, భూమి యజమానితో పాటు, సేకరణకు మూడేళ్ల ముందు నుంచి ఆ ప్రాంతంలోనే పనిచేసుకుంటూ దాని మీదే బతుకుతున్న అద్దెదారుల కుటుంబాలను కూడా బాధిత కుటుంబాల కింద లెక్కించింది. అమెరికాలోనూ ప్రభుత్వం బలవంతంగా ఆస్తి తీసుకుంటే న్యాయమైన పరిహారం ఇవ్వాలని రాజ్యాంగంలోనే ఉంది. పెన్సిల్వేనియా చట్టంలో అద్దెకున్న వ్యాపారికి తరలింపు ఖర్చుల ఏర్పాటూ ఉంది. అయితే మీ వరుస విషయంలో ప్రభుత్వం సేకరిస్తున్నది ఏమీ లేదు. ఓనర్లు తమ ఇష్టంతో అమ్ముతున్నారు, డెవలపర్ కొంటున్నారు, టౌన్‌షిప్ అనుమతి ఇవ్వడమో నిరాకరించడమో చేస్తుంది. అందువల్ల మీ లీజులో రాసి ఉన్న దానికి మించి మీకు ఎవరూ పైసా బాకీ ఉండరు. బావగారి ధైర్యాన్ని నమ్ముకుని చేతులు కట్టుకుని కూర్చోవద్దని చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీరున్న రోడ్డు మీదే ఉన్న ఆర్డ్‌మోర్‌లో జరిగినది మీకు పనికి వస్తుంది. లాంకాస్టర్ ఎవెన్యూ 1795లో పూర్తయిన ఫిలడెల్ఫియా–లాంకాస్టర్ టర్న్‌పైక్ బాటనే అనుసరిస్తుంది. ఆ తర్వాత పెన్సిల్వేనియా రైల్‌రోడ్ ప్రధాన మార్గం దాని పక్కనే రావడంతో స్టేషను స్టేషనుకూ ఒక ఊరు పెరిగింది. అప్పట్లో ఏథెన్స్‌విల్ అని పిలిచే ఊరికి 1873లో ఆర్డ్‌మోర్ అని పేరు మార్చారు. రైలు దిగి నడిచి వచ్చే మనుషుల కోసం రోడ్డును ఆనుకుని ఇరుకైన షాపులు, వాటి పైన ఇళ్లో ఆఫీసులో ఉండే కట్టడాలు అక్కడ లేచాయి. ఇప్పుడు కొత్తగా 'మిక్స్‌డ్ యూజ్' అని డెవలపర్లు చెబుతున్నది ఈ రోడ్డుకు పాత అలవాటే అన్నమాట. ఆ తర్వాత కార్ల కాలం వచ్చింది. పట్టాలకు అవతల 1928లో మొదలైన సబర్బన్ స్క్వేర్, అమెరికాలో ప్రణాళిక ప్రకారం కట్టిన తొలి శివారు షాపింగ్ కేంద్రాలలో ఒకటిగా పేరు పొందింది. ఫిలడెల్ఫియా నగరంలోని పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరు అక్కడ 1930లో శాఖ తెరిచింది. పాత వీధికీ కొత్త పార్కింగ్ స్థలాలకూ మధ్య పోటీ అప్పటి నుంచీ ఉన్నదే.

2004 ప్రాంతంలో లోయర్ మెరియన్ టౌన్‌షిప్, ఆర్డ్‌మోర్ స్టేషను చుట్టుపక్కల షాపులు, అపార్ట్‌మెంట్లు, పార్కింగ్ కలిపి పెద్ద ఎత్తున పునర్నిర్మాణం చేయాలని ఆలోచన చేసింది. అందుకోసం లాంకాస్టర్ ఎవెన్యూ మీది కొన్ని షాపుల భవనాలను అవసరమైతే బలవంతపు సేకరణ ద్వారా తీసుకుని, వాటిని ప్రైవేటు డెవలపర్‌కు అప్పగించే దారి కూడా ఆ ప్రణాళికలో ఉంది. అవి టౌన్‌షిప్ తానే చారిత్రక మండలంగా గుర్తించిన ప్రాంతంలోని భవనాలు కావడం విడ్డూరం. వ్యాపారులు, స్థానికులు కలిసి సేవ్ ఆర్డ్‌మోర్ కొయలిషన్ పేరుతో సంఘటితమయ్యారు. సరిగ్గా ఆ సమయంలోనే, 2005 జూన్‌లో, కనెటికట్ రాష్ట్రంలోని న్యూ లండన్ పట్టణం కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో, ఆర్థికాభివృద్ధి కోసం ఒకరి ఇల్లు తీసుకుని మరో ప్రైవేటు సంస్థకు ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధం కాదని తీర్పు ఇచ్చింది. దేశమంతటా దాని మీద ఆగ్రహం రేగింది. ఆ నవంబరు ఎన్నికలలో లోయర్ మెరియన్ బోర్డు రూపురేఖలు మారాయి, 2006లో బలవంతపు సేకరణ ఆలోచనను టౌన్‌షిప్ విరమించుకుంది. అదే ఏడాది మే నెలలో పెన్సిల్వేనియా రాష్ట్రం, కొన్ని మినహాయింపులతో, ప్రైవేటు వ్యాపారం కోసం ఆస్తులు సేకరించడాన్ని కట్టడి చేసే చట్టం తెచ్చింది.

మీ పొరుగువారు ఈ విజయాన్నే గుర్తు చేస్తూ మీ దగ్గరకు పిటిషన్ తెచ్చి ఉంటారని నా ఊహ. అయితే ఆ పోరాటం జరిగింది బలవంతపు సేకరణ మీద. పైన ఇళ్లు, కింద షాపులు ఉండే కట్టడాలు వద్దని తేల్చడం ఆ పోరాటం వల్ల జరగలేదు. ఆ తర్వాత స్టేషను పరిసరాలలో అలాంటి కట్టడాలకు ప్రత్యేకమైన జోనింగ్, అంటే ఎక్కడ ఏ రకం కట్టడం కట్టవచ్చో చెప్పే స్థానిక నిబంధన, వచ్చింది. అనేక ఏళ్ల వాదోపవాదాలు, వ్యాజ్యాలు, రాష్ట్ర గ్రాంటు మీద గొడవలు దాటుకుని, క్రికెట్ ఎవెన్యూలో మునిసిపల్ పార్కింగ్ ఉన్న చోట 110 అపార్ట్‌మెంట్ల భవనం లేచింది. పాత షాపుల వరుసను పడగొట్టకుండా, ఖాళీ తారు నేల మీద కట్టడం సాధ్యమేనని అది చూపించింది. మీ ప్రతిపాదనలో కూడా వెనుక పార్కింగ్ స్థలం ఉందని రాశారు కనుక ఈ మాటను గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరకు వస్తాను.

ఇప్పుడు లీజు. మొత్తం చదవడానికి ఓపిక లేకపోతే ముందుగా కూల్చివేత గురించి, పునర్నిర్మాణం గురించి, షాపును వేరే చోటికి మార్చడం గురించి ఏదైనా షరతు ఉందేమో వెతకండి. ఓనరు భవనాన్ని పడగొట్టదలిస్తే ఇన్ని నెలల నోటీసు ఇచ్చి లీజును రద్దు చేసుకోవచ్చు అనే వాక్యం ఉంటే, మీ మూడేళ్లు కాస్తా ఆ నోటీసు గడువంత చిన్నవవుతాయి. అలాంటి వాక్యం లేకపోతే మీ పరిస్థితి మీరనుకుంటున్న దాని కంటే చాలా బలమైనది. భవనం చేతులు మారినంత మాత్రాన లీజు రద్దు కాదు; కొన్నవారు మీ లీజుతో సహా కొన్నట్టే లెక్క. మీరు ఉన్నంత కాలం ఆ గోడ మీద గునపం పడదు, గునపం పడని ప్రతి నెలా డెవలపర్‌కు వడ్డీ పెరుగుతూ ఉంటుంది. మీతో ఆయన మాట్లాడవలసిన అవసరం అక్కడి నుంచే పుడుతుంది.

లీజు పొడిగించుకునే హక్కు మీకు ఉంటే, దానిని ఏ తేదీలోపు, ఏ రూపంలో తెలియజేయాలో చూసుకోండి. అది సాధారణంగా లీజు ముగియడానికి చాలా నెలల ముందే రాతపూర్వకంగా, తరచు రిజిస్టర్డ్ పోస్టులో తెలియజేయాలని ఉంటుంది, ఒక్క రోజు దాటినా హక్కు పోయినట్టే. లీజు సారాంశాన్ని కౌంటీ దస్తావేజుల కార్యాలయంలో నమోదు చేయించే వీలుందేమో లాయరును అడగండి. ఓనరుకు గానీ కొత్తగా కొన్నవారికి గానీ అప్పిచ్చిన బ్యాంకు ఆ భవనాన్ని జప్తు చేసుకునే పరిస్థితి వస్తే మీ లీజును గౌరవిస్తామని ఆ బ్యాంకు చేత రాయించుకోవడం కూడా ఇప్పుడే జరగాలి; అప్పు మంజూరు అయిపోయాక అడిగితే ఎవరూ పట్టించుకోరు.

పెన్సిల్వేనియాలో వ్యాపారం చేసే మనవారిలో చాలామందికి తెలియని నిబంధన ఒకటుంది. ఇక్కడి వాణిజ్య లీజులలో చాలా వాటిలో 'కన్ఫెషన్ ఆఫ్ జడ్జిమెంట్' అనే షరతు పెద్ద అక్షరాలలో అచ్చయి ఉంటుంది. మీరు లీజు తప్పారని ఓనరు చెబితే, ముందుగా మిమ్మల్ని కోర్టుకు పిలవకుండానే, మీ తరఫున మీరే ఒప్పుకున్నట్టుగా తీర్పు తీసుకుని ఖాళీ చేయించడానికి అది వీలు కల్పిస్తుంది. దానిని రద్దు చేయించుకోవడానికి తర్వాత మీరు కోర్టుకు వెళ్లవచ్చు గానీ, అప్పటికి పొయ్యి చల్లారిపోతుంది. అందుచేత డెవలపర్ మీద కోపంతో గానీ, నిరసనగా గానీ ఒక్క నెల అద్దె కూడా ఆపకండి, ఆలస్యం చేయకండి. ఇన్సూరెన్సు పత్రం గడువు దాటనివ్వకండి, ఓనరుకు చెప్పకుండా వంటగదిలో మార్పులు చేయకండి. మీరు లీజు తప్పలేదు అన్న ఒక్క విషయం మీదే మీ బేరం అంతా నిలబడుతుంది.

మీ ఓనరు ఇచ్చిన మాటను నేను అనుమానించడం లేదు. ఏడేళ్లుగా తెలిసిన మనిషి, మనసారా అని ఉండవచ్చు. కానీ భవనం అమ్మేశాక కొత్త బిల్డింగులో షాపు ఇప్పించే అధికారం ఆయనకు ఉండదు. అంతకంటే ముఖ్యమైనది, అమ్మకం సమయంలో మీ చేత 'ఎస్టాపెల్ సర్టిఫికెట్' అనే పత్రం మీద సంతకం చేయించుకోవడానికి వస్తారు. లీజు ఎప్పుడు ముగుస్తుంది, అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఓనరుతో ఇంకేమైనా ఒప్పందాలు ఉన్నాయా అని అందులో అడుగుతారు. చూడడానికి మామూలు ఫారంలా ఉంటుంది, 'ఇవాళే కావాలి, రెండు నిమిషాల పని' అంటారు. ఇంకే ఒప్పందాలూ లేవు అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేశారంటే, మీకు ఇచ్చిన మాటను మీ చేత్తో మీరే కొట్టేసినట్టు. పొరుగువారి పిటిషన్ గురించి ఇంతగా ఆలోచిస్తున్నారు, ఈ కాగితం దగ్గర అంతకు పదింతలు ఆలోచించండి.

ఇక తిరిగి వచ్చే హక్కు. దీనిని రాయించుకున్నా, హోటలు నడిపేవారికి అందులో ఒక కిటుకు ఉంది. మన వంటకు పోపు వేయాలి, పెనం మీద నూనె పొగలు రావాలి, వడలు వేగాలి. నూనె ఆవిరులు లేచే వంటకు స్టీలు హుడ్డు, దాని నుంచి జిడ్డు పట్టే గొట్టం, ఆ గొట్టం చుట్టూ మంటలు వ్యాపించకుండా రక్షణ ఉన్న నిలువు దారి కావాలి, ఆ దారి పైకప్పు దాకా వెళ్లాలి. మీ రెండంతస్తుల భవనంలో అది ఒక అంతస్తు దాటితే బయటపడుతుంది. కొత్త భవనంలో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ల గుండా వెళ్లాలి, అంటే ప్రతి అంతస్తులోనూ ఎవరి గదిలోనో కొంత చోటు వదులుకోవాలి. నక్షా గీసేటప్పుడే ఆ దారి పెట్టకపోతే, కట్టిన తర్వాత పెట్టడం దాదాపు అసాధ్యం. పైన పడుకునేవారి దుప్పట్లకు ఇంగువ వాసన పడుతుందని ఎవరో ఫిర్యాదు చేస్తారన్న భయంతో, చాలామంది డెవలపర్లు కింది షాపులను బ్యాంకుకో, కాఫీ షాపుకో, వ్యాయామశాలకో సరిపడేలా మాత్రమే కడతారు. అందుచేత 'కొత్త భవనంలో షాపు ఇస్తాము' అని రాస్తే చాలదు. ఎన్ని చదరపు అడుగులు, రోడ్డు వైపు ముఖం ఎంత, పైకప్పు దాకా పొగ దారి ఉందా, నేలలో జిడ్డు వడపోత తొట్టి ఎవరు పెట్టిస్తారు, గ్యాసు, కరెంటు సామర్థ్యం ఎంత, వెనుక నుంచి బియ్యం బస్తాలు దించడానికి తలుపు ఉందా అన్నవన్నీ నక్షాతో సహా ఒప్పందానికి జత చేయాలి. అద్దె విషయంలోనూ అంతే. 'మార్కెట్ రేటు' అని రాస్తే కొత్త భవనం మార్కెట్ రేటు మీ దోసె ధరకు అందదు. మొదటి కొన్నేళ్ల అద్దెను అంకెలలో రాయించుకోవాలి.

నిర్మాణం జరిగే కాలం సంగతి కూడా అడగాలి. ఇలాంటి భవనానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పట్టడం మామూలే. అన్నాళ్లు మూసుకుని కూర్చున్న టిఫిన్ హోటలుకు చివరికి మిగిలేది పేరు మాత్రమే. వంటవాళ్లు వెళ్లిపోతారు, ఉదయం రైలు ఎక్కే ముందు ఇడ్లీ కట్టించుకునే వారు వేరే అలవాటు చేసుకుంటారు. ఇక్కడే వెనుక పార్కింగ్ స్థలం పనికి వస్తుంది. ముందుగా వెనుక స్థలంలో కట్టి, ముందు వరుసలోని షాపులను అందులోకి మార్చి, ఆ తర్వాత ముందు వరుసను ముట్టుకునేలా పనిని రెండు దశలుగా విభజించమని అడగవచ్చు. ఇంకా మేలైనది, ముందు వరుసను కూల్చకుండా బాగు చేసి, కొత్త ఇళ్లను వెనుకే కట్టమని అడగడం. ఆదాయం వచ్చే చారిత్రక భవనాన్ని ప్రమాణాల ప్రకారం పునరుద్ధరిస్తే ఫెడరల్ ప్రభుత్వం అర్హమైన ఖర్చులో 20 శాతం పన్ను రాయితీ ఇస్తుంది. ముందు గోడ ఒక్కటి నిలిపి లోపలంతా కొత్తగా కడితే ఆ రాయితీ దొరకడం కష్టం. డెవలపర్ లెక్కలలో ఈ అంకె ఉందా అని సమావేశంలో అడిగితే, మీరు ఊరికే అడ్డుపడడానికి రాలేదని బోర్డుకు అర్థమవుతుంది.

చారిత్రక ప్రాంతం అన్న మాటను కూడా కొంచెం విడదీసి చూడాలి. జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో పేరు ఉండడం గౌరవమే గానీ, ప్రైవేటు ఓనరు సొంత డబ్బుతో తన భవనం కూల్చుకోవడాన్ని అది ఆపలేదు. ఆపగలిగేది స్థానిక చట్టం. పెన్సిల్వేనియాలో 1961 నాటి 167వ చట్టం కింద మునిసిపాలిటీలు చారిత్రక మండలాలను ఏర్పాటు చేసుకుంటాయి. అలాంటి మండలంలో రోడ్డు నుంచి కనబడే మార్పులకు, కూల్చివేతకు ముందుగా సమీక్ష మండలి సలహా, ఆ తర్వాత పాలక బోర్డు అనుమతి కావాలి. మీ వరుస ఈ రెండింటిలో దేని కింద ఉందో టౌన్‌షిప్ కార్యాలయంలో అడిగితే ఒక్క రోజులో తెలుస్తుంది. ఒకవేళ రెండవది అయితే, గోడలు మాత్రమే నిలుపుతామన్న ప్రతిపాదన మీద ఆ సమీక్ష మండలిలోనే గట్టి చర్చ జరుగుతుంది. నా మటుకు నాకు, ముఖం ఒక్కటి మిగిల్చిన భవనం మీద పెద్ద మక్కువ లేదు. పాత వీధికి ప్రాణం ఇటుకల్లో కన్నా ఇరవై అడుగులకు ఒకటి చొప్పున ఉన్న ఆ చిన్న చిన్న షాపు ముఖాలలో ఎక్కువగా ఉంది. నాలుగు పాత గోడల వెనుక ఒకే పెద్ద గది పెట్టి దానిని ఒక గొలుసు దుకాణానికి ఇస్తే చరిత్రను కాపాడినట్టు కాదు. కింది అంతస్తును చిన్న షాపులుగానే ఉంచాలని, రెండు షాపులను కలిపివేయకూడదని షరతు పెట్టమని అడగడం మీకూ మేలు, వీధికీ మేలు.

సమావేశాల విషయానికి వస్తే, ఆ దరఖాస్తు ఏ రకమైనదో ముందు కనుక్కోండి. జోనింగ్ ప్రకారం హక్కుగా కట్టుకోగలిగినదైతే టౌన్‌షిప్‌కు కాదనే అవకాశం తక్కువ, షరతులూ తక్కువే. 'కండిషనల్ యూజ్', అంటే బోర్డు షరతుల మీద అనుమతించే రకం, అయితే బోర్డు విచారణ జరపాలి. రాష్ట్ర ప్రణాళికా చట్టం ప్రకారం దరఖాస్తు అందిన 60 రోజులలోపు విచారణ మొదలుకావాలి, చివరి విచారణ తర్వాత 45 రోజులలోపు నిర్ణయం రావాలి. ఆ విచారణకు కనీసం వారం ముందు స్థలం దగ్గర నోటీసు అంటించాలి, కనుక మీ షాపు కిటికీ పక్కన ఏ కాగితం కనబడినా ఫొటో తీసి ఉంచుకోండి. వెళ్లినప్పుడు ప్రేక్షకుల వరుసలో నుంచి రెండు ముక్కలు మాట్లాడి వచ్చేయకుండా, మీ మీద ప్రభావం పడుతుంది కనుక మిమ్మల్ని విచారణలో పార్టీగా, అంటే కక్షిదారుగా, నమోదు చేయమని ఆరంభంలోనే అడగండి. పార్టీగా నమోదైన వారికి సాక్షులను ప్రశ్నించే హక్కు ఉంటుంది, నిర్ణయం నచ్చకపోతే 30 రోజులలోపు కౌంటీ కోర్టుకు వెళ్లే దారి తెరిచి ఉంటుంది. ఊరికే అభిప్రాయం చెప్పి వచ్చిన వారు ఆ తర్వాత కోర్టుకు వెళితే, ముందుగా వారి అర్హత మీదే వాదన నడుస్తుంది.

మీవారి భయానికి సూటిగా సమాధానం చెబుతాను. బహిరంగ సమావేశంలో మాట్లాడడానికి, ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవడానికి పౌరసత్వం అక్కరలేదు. మీరు ఆ టౌన్‌షిప్‌లో నివసించకపోయినా, అక్కడ వ్యాపారపు పన్ను కడుతుంటే పన్ను చెల్లించేవారిగా మాట్లాడవచ్చు. అయితే ఆయన జాగ్రత్తలో ఒక వాస్తవం ఉంది: ఏ కాగితం మీద సంతకం చేస్తున్నారో దాని మొదటి వాక్యం చదవాలి. 'ఈ టౌన్‌షిప్‌కు చెందిన నమోదిత ఓటర్లమైన మేము' అని మొదలయ్యే పిటిషన్ మీద గానీ, అదే బల్ల మీద పెట్టిన ఓటరు నమోదు ఫారం మీద గానీ, ఎన్నికల అభ్యర్థిని ప్రతిపాదించే కాగితం మీద గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ సంతకం చేయకండి. పౌరులమని తప్పుగా చెప్పుకోవడం ఇమిగ్రేషన్ చట్టంలో చాలా తీవ్రమైన విషయం, పొరపాటున చేశామంటే సర్దుకునేది కాదు. 'ఇక్కడి నివాసులము, వ్యాపారులము' అని ఉంటే ఆ అభ్యంతరం లేదు.

ఆ అభ్యంతరం లేకపోయినా, ప్రాజెక్టు మొత్తాన్నీ వద్దనే పిటిషన్ మీద మీరు సంతకం చేయడం నాకు సరిగా తోచదు. అద్దెకున్న వ్యాపారికి, అందునా టిఫిన్ హోటలుకు, రైలు స్టేషను పక్కన కొత్తగా ఇళ్లు రావడం నష్టం కాదు. సాయంత్రం రైలు దిగి ఇంటికి నడిచి వెళుతూ రాత్రి భోజనానికి ఏదో ఒకటి కట్టించుకునే మనుషులు వారే. పిల్లలు పెరిగి బడులు నిండిపోతాయని వినబడే వాదన కూడా ఒకటి రెండు పడక గదుల అపార్ట్‌మెంట్ల విషయంలో అంతగా నిలవదు. పిల్లలున్న కుటుంబాలు వాటిలో తక్కువగా ఉంటాయి. పార్కింగ్ గురించి పొరుగువారి భయం మాత్రం న్యాయమైనదే. నిర్మాణం జరుగుతున్నన్ని రోజులూ వెనుక స్థలం మూతపడితే పక్క వీధి షాపులు కూడా దెబ్బతింటాయి; తాత్కాలికంగా ఎక్కడ చోటు చూపిస్తారో చెప్పకుండా అనుమతి ఇవ్వవద్దని అందరూ కలిసి అడగవచ్చు. ఆ ఒక్క కోరికతో, చిన్న షాపుల షరతుతో, దశలవారీ నిర్మాణం అన్న కోరికతో వేరే అర్జీ రాస్తే దాని మీద మీరే ముందుగా సంతకం చేయండి. పిటిషన్ తెచ్చినవారికి ఆ మాట చెప్పి చూడండి, మీలాంటి అద్దెదారులు ఇంకా ఉంటే వారు మీ పక్కకు వస్తారు.

లాయరును ఎంచుకునేటప్పుడు మీ గ్రీన్ కార్డు పని చూసిన వారి దగ్గరకో, ఇల్లు కొన్నప్పుడు కాగితాలు చూసిన వారి దగ్గరకో వెళ్లకండి. మీ కౌంటీలో వాణిజ్య లీజులు చూసేవారు, వీలైతే ఆ టౌన్‌షిప్ బోర్డు ముందు వాదించిన అనుభవం ఉన్నవారు కావాలి. లీజు చదివి ఒక ఉత్తరం రాసిపెట్టడానికి అయ్యే ఖర్చు, ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు కొత్త చోట ఒక్క హుడ్డు బిగించడానికి అయ్యే ఖర్చులో చిన్న భాగం. డెవలపర్ డబ్బు ఇచ్చి లీజు వదులుకోమని అడిగితే, మొదటి అంకెకు తల ఊపకండి. కొత్త చోటు సిద్ధం చేసుకోవడానికి, పరికరాలు తరలించడానికి, మూసి ఉన్న నెలల ఆదాయానికి, కొత్త చోట అద్దె తేడాకు విడివిడిగా లెక్క వేసి, ఆ లెక్కను కాగితం మీద చూపించి మాట్లాడండి. గత మూడేళ్ల పన్ను రిటర్నులు మీ దగ్గర సరిగా ఉంటేనే ఆ లెక్కకు విలువ ఉంటుంది. నగదు అమ్మకాలను తక్కువ చూపించే అలవాటు కొందరికి ఉంటుంది, అలాంటి వారికి ఈ బల్ల దగ్గర ఆ తక్కువ అంకె మీదే పరిహారం లెక్కకు వస్తుంది.

ఈ వారంలో చేయవలసిన పని ఓనరుకు ఒక ఈమెయిల్. మర్యాదగానే రాయండి. 'ఫలానా రోజున మన మధ్య జరిగిన సంభాషణలో, కొత్త భవనంలో మాకు షాపు ఇప్పిస్తానని మీరు అన్నారు, అందుకు కృతజ్ఞతలు. అమ్మకపు ఒప్పందంలోనే ఈ మాటను చేర్చవలసిందిగా, చేర్చేముందు మా లాయరుతో మాట్లాడవలసిందిగా కోరుతున్నాము. లీజు పొడిగింపు హక్కుతో సహా మా హక్కులన్నీ యథాతథంగా ఉన్నాయి' అని రాస్తే చాలు. పంపేముందు దానిని లాయరుకు ఒకసారి చూపించండి. ఓనరు ఏమని బదులిస్తారో, లేక బదులే ఇవ్వరో, దానిని బట్టి ఆ మాటకు ఎంత బరువు ఉందో మీకు తెలుస్తుంది. విచారణ తేదీ ఖరారయ్యేలోపు ఆ బదులు మీ చేతిలో ఉండాలి.